పెరటి మల్లె

సత్యభామ కోసం శ్రీకృష్ణుడు స్వర్గం నుండి పారిజాత వృక్షాన్ని తెచ్చి ఆమె పెరటిలో నాటిన కథను నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’గా రచించాడు. చెట్టును తేవడం కావ్యవస్తువు. తెచ్చిన చెట్టును సాకడం మాత్రం గృహస్థుల నిత్యకృత్యం.

గురజాల సమీపాన ఒక పల్లెలోని నాపరాతి ఇంటిలో ఆ పని ఒక పెద్ద సమస్యగా పరిణమించింది. పడకగది కిటికీ కింద గుండుమల్లె, దానిని ఆనుకొని నందివర్ధనం, గన్నేరు ఉండేవి. పల్నాటి ఎండలలో బావినీరు మోసి ఇంటి యజమాని బ్రతికించిన మొక్కలవి. ఆయన కాలం చేసిన తరువాత ఆయన భార్య వాటిపై కత్తి పడనీయలేదు. కొమ్మలు కిటికీని కమ్మివేశాయి. వానలు వెలిసినా గోడ చెమ్మ ఆరేది కాదు. ఎవరేమన్నా ఆమె, “ఆయన చేతి మొక్కలు” అని ఊరుకొనేది.

దసరా సెలవులకు నరసరావుపేట కళాశాల నుండి వచ్చిన మనుమడు ఒక సాయంత్రం ఆ పొద మొదట, రాలిన ఆకులలో రక్తపింజరను చూశాడు. దానికి రెండు బారల దూరంలోనే అతని చెల్లెలు ఆడుకొంటున్నది. పాము తప్పుకొని పోయింది కాని, భయం ఇంటిలో నిలిచిపోయింది. మొక్కలన్నీ పెరికించి అక్కడ సిమెంటు చేయిద్దామన్నాడు కుమారుడు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

మల్లెతోట సాగుచేసిన పొరుగు రైతు వచ్చి పొదను పరిశీలించాడు. “వదినగారూ, మల్లె కొత్త చిగురు మీదనే పూస్తుంది. ఇందులో ముదురు కొమ్మలే గాని పూలెక్కడ?” అన్నాడు. ఆమె బదులు పలుకలేదు. ఆ వేసవిలో దేవుని గూటికి పూలు కొనవలసి వచ్చిన సంగతి ఆమెకు తెలుసు.

డిసెంబరులో ఒక ఆదివారం ఆమె తానే కత్తెర తెచ్చి మనుమడి చేతికిచ్చింది. కొన్నాళ్ళుగా నీరు ఆపిన మల్లెను నేల నుండి మూరెడు ఎత్తు వదిలి కత్తిరించారు. నందివర్ధనాన్ని ఒకేసారి మోడు చేయక, ముదురు కొమ్మలలో మూడవ వంతు మాత్రమే తీశారు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే కనుక చేతులకు తొడుగులు వేసుకొని కోశారు. ఆ కొమ్మలను గేదెలకు అందనీయలేదు, పొయ్యిలో పెట్టలేదు, గుంట తీసి పూడ్చారు. రాలిన ఆకులను కర్రతో కదిపి చూసి ఊడ్చివేశారు. గోడకూ కొమ్మలకూ నడుమ మనిషి నడిచేంత చోటు ఏర్పడింది. పిమ్మట మొదళ్ళకు పశువుల ఎరువు వేసి నీరు పెట్టారు.

ఆ సాయంత్రం ఎన్నో ఏళ్ళకు గదిలో ఎండ పడింది. ఆమె మాత్రం మోడులను చూడలేక కిటికీ మూసుకొన్నది.

పరీక్షలు ముగించుకొని వేసవిలో మనుమడు ఇల్లు చేరేసరికి కిటికీ తెరచి ఉన్నది. మల్లె నిండా లేత చిగుళ్ళు, చిగురు చిగురుకూ మొగ్గలు. నాయనమ్మ అరుగు మీద కూర్చొని మనుమరాలి జడకు మాల కడుతున్నది. పెంచడమంటే నీరు పోయడమొక్కటే కాదని, వేళకు కోయడం కూడానని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

“రా నాయనా, మీ తాతయ్య మల్లె చూడు” అన్నది. మరుక్షణమే, “ఆ కత్తెర తుప్పు పట్టనీయకు. మళ్ళీ డిసెంబరు వస్తుంది” అన్నది.