బుడ్డల నూనెలో విడి ఆమ్లం

నంద్యాల నూనె మిల్లులో కెమిస్టుగా నా చేతిలో ఎక్కువగా ఉండేది బ్యూరెట్టే. ఆళ్లగడ్డ వైపు నుంచి బుడ్డల (వేరుశనగ కాయల) లోడు వస్తే, ధర మాట్లాడకముందే శాంపిల్ నా బల్ల మీదికి వస్తుంది. పప్పులోంచి తీసిన నూనెను వేడి ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ వేసి, కాస్టిక్ సోడా ద్రావణం చుక్కచుక్కగా వదులుతాను. గులాబీ రంగు నిలిచిన చోట ఆపాలి. ఖర్చయిన మిల్లీలీటర్లను ద్రావణం నార్మాలిటీతో, 28.2తో గుణించి నూనె బరువుతో భాగిస్తే, ఒలియిక్ ఆమ్లం లెక్కన విడి కొవ్వు ఆమ్లాల శాతం తేలుతుంది. మిల్లులో దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఏ అంటాం. అది ఎక్కువైతే రేటు తగ్గుతుంది.

"ఏం నాయనా, నూనె బాగానే దిగుతాంది గదా, రేటెందుకు తగ్గిస్తారు?" అని ఒక పెద్దాయన అడిగాడు. అడగాల్సిన మాటే. నూనెలో ఒక్కో గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. గింజకు నెమ్ము తగిలితే అందులోని లైపేజ్ ఎంజైమూ, పట్టిన బూజూ కలిసి ఆ అతుకు విడదీస్తాయి. అలా విడిపోయిన ఆమ్లాన్ని మేం కాస్టిక్ సోడాతో సబ్బు చేసి తీసేయాలి. ఆ సబ్బు పోతూ పోతూ మంచి నూనెనూ వెంట లాక్కుపోతుంది. మిల్లుకు నష్టం అక్కడే. ఆ సబ్బు మడ్డికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టిస్తే వచ్చే యాసిడ్ ఆయిల్ సబ్బుల తయారీకి పోతుంది గానీ, దాని ధర ఎంతని!

కల్తీ పట్టడం ఇంకో పని. బుడ్డల నూనెలో 20, 22, 24 కార్బన్ల పొడవాటి ఆమ్లాలు కొద్దిగా ఉంటాయి. అందుకే బెల్లియర్ పరీక్షలో నూనెతో చేసిన ద్రావణాన్ని మెల్లగా చల్లారుస్తుంటే 39 నుంచి 41 డిగ్రీల మధ్య మసకబారుతుంది. పత్తి గింజల నూనెలో గానీ, పొద్దుతిరుగుడు నూనెలో గానీ ఆ ఆమ్లాలు బాగా తక్కువ, కాబట్టి అవి ఎక్కువగా కలిస్తే మసక ఆలస్యమవుతుంది. పత్తి నూనెకు హాల్ఫెన్ పరీక్ష ఉంది. గంధకం కలిపి వేడి చేస్తే దానిలోని సైక్లోప్రొపీన్ ఆమ్లాల వల్ల ఎర్ర రంగు తేలుతుంది. బాగా కాగిన పత్తి నూనె మాత్రం ఈ పరీక్షకు దొరక్కుండా పోవచ్చు. అందుకే నేను ఒక్క పరీక్షను నమ్మి సంతకం పెట్టను.

రైతులకూ వ్యాపారులకూ నా విన్నపం ఒక్కటే. ఎఫ్‌ఎఫ్‌ఏ పెరిగేది మా ఎక్స్‌పెల్లర్‌లో కాదు, మీ గోనె సంచిలో. బుడ్డలు ఊపితే గలగలమనేదాకా కళ్లంలో ఎండబెట్టండి, తేమ 8 శాతం లోపుకు దిగాకే సంచికెత్తండి, సంచుల్ని వట్టి నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చండి.