లష్కర్‌లో ఒక ఉత్తరం

సికింద్రాబాదును పాతకాలపువాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సేన. 1806లో నిజాము సికందర్ జా పేరు పెట్టుకున్నదన్న మాటేగాని, ఈ ఊరు పెరిగింది ఇంగ్లీషువారి పటాలాల నీడన. చివరకు ఉజ్జయినీ మహాకాళి అమ్మవారిని కూడా, ఉజ్జయినికి వెళ్లిన పటాలపు మనిషి ఒకడు మొక్కుకుని ఇక్కడ నిలిపాడనే చెప్పుకుంటారు.

అటువంటి ఊళ్లో వీరుల సైనిక స్మారకం ఎక్కడని అడిగితే ఇద్దరు ముగ్గురు తెల్లమొహం వేశారు. ఉన్నది ఎక్కడో కాదు, పెరేడ్ గ్రౌండ్ పక్కనే. ఎదుట రాత్రింబవళ్లు బస్సుల రొద, పైన మెట్రో రైలు. ఏటా జూలై 26న, కార్గిల్ విజయదినాన, సైనికాధికారులు వచ్చి పుష్పగుచ్ఛాలు ఉంచి వందనం చేస్తారు. తక్కిన రోజుల్లో వచ్చేవారు తక్కువ. నేను వెళ్లేదీ అటువంటి రోజుల్లోనే.

అక్కడ నిలబడితే నాకు గుర్తుకు వచ్చేవాడు మేజర్ పద్మపాణి ఆచార్య. హైదరాబాదులో స్థిరపడిన ఒడియా కుటుంబం. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండరుగా చేసి విరమించినవారు. కొడుకు రెండవ రాజపుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండరు. 1999 జూన్‌లో ఆ పటాలమే తోలోలింగ్ శిఖరాన్ని తిరిగి గెలుచుకుంది.

ఆ గెలుపు తరువాత, జూన్ 19న, ఆయన తండ్రికి ఉత్తరం రాశాడు. ప్రాణభయం గురించి బెంగపడవద్దనీ, యుద్ధంలో పాల్గొనడం జన్మకొక గౌరవమనీ అందులో ఉంది. అంతవరకు ఏ సైనికుడైనా రాయగలడు. తరువాతి మాట నన్ను పట్టుకుంది. భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు రోజుకొక భారతకథ చెప్పమనీ, మనుమడో మనుమరాలో ఆ మంచి గుణాలు నేర్చుకుంటుందనీ తండ్రిని కోరాడు.

ఒడియావారికి సారళాదాసు భారతం ఉంది, మనకు కవిత్రయం ఉంది. ఏ భారతమైతేనేం? కొండమీద ఫిరంగులు మోగుతుంటే, పుట్టబోయే బిడ్డకు ఆస్తీ పాస్తీ కాక కథ కావాలని తోచింది చూడండి, ఆ మనసు!

జూన్ 28 రాత్రి ద్రాస్ ప్రాంతంలో శత్రువుల బంకరు మీదికి దాడి. ముందువరుసలో చాలామంది పడిపోయారు. ఆచార్య వెనుక ఉంచిన దళాన్ని తీసుకుని తానే ముందుకు నడిచాడు. గుళ్లు తగిలాయి. పాకుతూ వెళ్లి బంకరులోకి గ్రెనేడ్లు విసిరాడు. కదలలేని స్థితిలో, తనను వదిలి ముందుకు పొమ్మని జవాన్లను ఆజ్ఞాపించాడు. స్థావరం దక్కింది, ఆయన దక్కలేదు. ముప్పయి దాటీ దాటని వయసు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు.

తల్లి కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహం సంగతి విన్నాడని మన ఇళ్లల్లో చెబుతారు. ఆ అభిమన్యుడు పడిపోయేనాటికి ఉత్తర గర్భవతి. పరీక్షిత్తు తండ్రి ముఖం చూడలేదు. కాలేజీలో ఈ ఘట్టం వచ్చినప్పుడు నేను పుస్తకం మూసి ద్రాస్ నుంచి వచ్చిన ఆ ఉత్తరం సంగతి చెబుతాను. క్లాసు నిశ్శబ్దమవుతుంది. ఆ తరువాత ఏ మూలనుంచో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "బిడ్డ ఎవరండీ?"

"ఆడపిల్ల" అంటాను.