లంకకు పోదాం... దోమతెరతో!

పసిపిల్లలున్న ఇంట్లో ‘ఎక్కడికైనా వెళ్దాం’ అన్న మాట పుట్టగానే దానికి అడ్డంకులూ వెంటే పుడతాయి. బడికి సెలవులిస్తే ఆఫీసులో సెలవు దొరకదు. రెండూ కుదిరితే చిన్నాడికి జలుబు. అదీ తగ్గిందనుకుంటే నాయనమ్మ మోకాళ్లు. ఇక వెళ్లేది విదేశానికి, అదీ ఎండా వానా దోమా అన్నీ దండిగా ఉండే ఉష్ణదేశానికి అయితే... ఆ ఇంట్లో జరిగే చర్చ ముందు అసెంబ్లీ సమావేశాలు బలాదూర్!

కూకట్‌పల్లిలోని ఆ ఇంట్లో అలాంటి చర్చే 2024 జనవరిలో మొదలైంది. ఆయన సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది. పెద్దమ్మాయికి ఏడేళ్లు, పిల్లాడికి అప్పటికి ఏడాదిన్నర. తెనాలి నుంచి వచ్చి వీళ్ల దగ్గరే ఉంటున్న నాయనమ్మ. వెళ్లాలనుకున్నది శ్రీలంక. రెండు గంటల విమాన ప్రయాణం, అన్నం దొరికే దేశం, మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడుకు పైగా వస్తాయి... ఇలా ఆయన చాలా కారణాలే చెప్పాడు. అసలు కారణం మాత్రం ఒక్కటే. అంతకుముందు వానాకాలంలో పెద్దమ్మాయికి డెంగీ వచ్చింది. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోతూ, రోజుకి రెండుసార్లు సూది గుచ్చి రక్తం తీస్తుంటే ఏడుస్తున్న పిల్లకి ‘తగ్గిపోనీ తల్లీ, అడవిలో ఏనుగుల గుంపు దగ్గరికి తీసుకెళ్తా’ అని తండ్రి మాటిచ్చాడు. పిల్లలు అన్నీ మర్చిపోతారంటారు. ఇలాంటివి మర్చిపోరు!

తల్లి మాత్రం ససేమిరా అంది. ఆ డెంగీయే కారణం. శ్రీలంకలో 2017లో ఒక్క ఏడాదిలోనే లక్షా ఎనభై ఆరు వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయని ఆమె ఎక్కడో చదివింది. ‘ఏమండీ, దోమ కుట్టి చావుదాకా వెళ్లొచ్చిన పిల్లని మళ్లీ దోమల దగ్గరికే తీసుకెళ్తారా?’ అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు.

జవాబు పిల్లల డాక్టరు దగ్గర దొరికింది. డెంగీ వైరస్‌ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు. కానీ రెండోసారి వేరే రకం సోకితే తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. అంటే తల్లి భయం ఉత్త భయం కాదు. ‘అలాగని హైదరాబాద్‌లో కూర్చుంటే కుట్టవా?’ అని కూడా అన్నాడాయన. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఏ నెలలో, ఏ వైపు వెళ్తున్నారో చూసుకోమన్నాడు.

ఆ ఒక్క మాటతో చర్చ దారి మారింది. అప్పటిదాకా ‘వెళ్లాలా వద్దా’ అన్న చోటే ఆగిపోయిన తల్లి, ఆ రాత్రి మ్యాపు ముందేసుకుని కూర్చుంది.

శ్రీలంక చూడటానికి చిన్న దీవే గానీ దానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో, గాలె, కొండ ప్రాంతాలను ముంచెత్తుతాయి. ఆ రోజుల్లోనే తూర్పున త్రింకోమలి వైపు ఆకాశం తేటగా, సముద్రం శాంతంగా ఉంటుంది. డిసెంబరు వచ్చేసరికి అంతా తారుమారు. అప్పుడు వాన తూర్పుది, ఎండ దక్షిణానిది. దోమలూ వానల వెంటే కదా! తూర్పు తీరంలో డెంగీ ఎక్కువగా కనిపించేది అక్కడి వానలప్పుడూ, ఆ తర్వాతా... అంటే డిసెంబరు, జనవరి ప్రాంతంలో. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్‌ చివర్నుంచి జూన్‌ రెండోవారం దాకా. లెక్క కుదిరింది. మే నెలాఖరులో, తూర్పు వైపు. పిల్లాడికి రెండేళ్లు నిండేది జూన్‌లో. తిరుగు ప్రయాణం నాటికి రెండు నిండితే విమానంలో వాడికీ సీటు కొనాలి. ఈ లోపే వెళ్లొస్తే ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఇదీ కలిసొచ్చింది. (టికెట్టు లేకపోయినా పాస్‌పోర్టు మాత్రం ఉండాల్సిందే. ఏడాది పిల్లాడికైనా సొంత పాస్‌పోర్టు తప్పదు. నిద్రపోతున్నవాణ్ని లేపి, కళ్లు తెరిపించి ఫొటో తీయించడం ఆ ఇంట్లో ఓ పూట పని!)

ఆయన అప్పటికే ఓ జాబితా రాసి పెట్టుకున్నాడు. కొలంబో, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, యాల అడవి, గాలె, సిగిరియా... ఆరు రోజుల్లో ఏడు చోట్లు! భార్య ఒక్కో రోజు వ్యానులో ఎన్ని గంటలు కూర్చోవాలో పక్కనే రాసింది. ఘాట్‌రోడ్డు మొదలైన అరగంటకే వాంతి చేసుకునే పెద్దమ్మాయి, మధ్యాహ్నం పన్నెండున్నరకి నిద్ర పట్టకపోతే సాయంత్రందాకా ఏడ్చే పిల్లాడు... ఈ ఇద్దరినీ ఆ లెక్కలో కలిపితే జాబితాలో సగం దానంతటదే కొట్టుకుపోయింది.

క్యాండీ దగ్గర మాత్రం ఆయన గట్టిగా పోరాడాడు. క్యాండీని ఏలిన చివరి రాజవంశం నాయకర్లది. మదురై వైపు నుంచి వెళ్లిన తెలుగు మూలాలవాళ్లు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ని 1815లో ఆంగ్లేయులు గద్దె దించి వేలూరు కోటకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. ‘మన తెలుగువాళ్లు ఏలిన ఊరమ్మా!’ అని తల్లిని తన వైపు తిప్పుకోబోయాడు. ‘ఏలినవాళ్లు ఇప్పుడు లేరు కదరా. ఉన్న మనవడికి వాంతులవకుండా చూడు’ అందావిడ. క్యాండీ పోయింది. కొండలూ పోయాయి. ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లు కొండ దారుల సంగతి ముందే కనుక్కోవడం మంచిది. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు ఆ ప్రాంతం బాగా దెబ్బతింది. ప్రసిద్ధి చెందిన కొండ రైలు మార్గమూ చాలాచోట్ల పాడైంది. వీసా నియమాలూ అంతే, తరచూ మారుతుంటాయి. టికెట్లు కొనేముందే చూసుకోవాలి.

చివరికి మిగిలినవి మూడే చోట్లు. విమానాశ్రయానికి దగ్గర్లోని నెగొంబోలో మొదటి రాత్రి, ఆఖరి రాత్రి. హబరణలో రెండు రాత్రులు. త్రింకోమలి పక్కన నిలావెలి తీరంలో మూడు. గది బుక్‌ చేసేముందు ఆమె స్విమ్మింగ్‌ పూల్‌ గురించి అడగలేదు. మంచానికి దోమతెర ఉందా, కిటికీలకు జాలీ ఉందా, ఏసీ పనిచేస్తుందా అని అడిగింది. డెంగీ దోమ పగలు కుడుతుంది. పొద్దున్నా, సాయంత్రం చీకటి పడేముందూ మరీ ఎక్కువ. అందుకే తెర కట్టాల్సింది పిల్లాడు పగలు పడుకునేటప్పుడు కూడా. పొడుగు చేతుల పల్చటి చొక్కాలు, నూలు పైజామాలు కుట్టించింది. ఒంటికి రాసే దోమల మందు డాక్టరు చెప్పిందే కొంది. నిమ్మవాసన వచ్చే యూకలిప్టస్‌ నూనె మందు మూడేళ్లలోపు పిల్లలకు వాడకూడదని అప్పుడే తెలిసింది. జ్వరమొస్తే బరువును బట్టి పారాసిటమాల్‌ ఒక్కటే. ఇబుప్రోఫెన్‌, ఆస్పిరిన్‌ జోలికి పోకూడదు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, రక్తం కనపడటం... ఇందులో ఏది కనిపించినా ఆసుపత్రికి పరుగే. ఇదంతా ఓ కాగితమ్మీద రాసి పాస్‌పోర్టుల సంచిలో పెట్టింది.

అదే కాగితం వెనక ఇంకో నంబరు... 1990. శ్రీలంకలో ఉచిత అంబులెన్సుది. మన దేశం ఇచ్చిన సాయంతో 2016లో మొదలైందది. దాన్ని నెలకొల్పడంలో మొదట్లో తోడ్పడింది ఇక్కడ 108 అంబులెన్సులు నడిపిన హైదరాబాద్‌ సంస్థే. పెద్దమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లింది 108లోనే. ఆ సంగతి చదివాక తల్లికి ఎందుకో ఆ దేశం కాస్త దగ్గరగా అనిపించింది.

ప్రయాణం అనుకున్నట్టే జరిగిందా అంటే... పిల్లలతో ఏది అనుకున్నట్టు జరుగుతుంది? మొదటిరోజే పాలపొడి డబ్బా పెట్టిన సూట్‌కేసు రావడం ఆలస్యమైంది. తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. ఇడియాప్పం, కొబ్బరి పాల కూర, అప్పం పిల్లాడు ఇష్టంగా తిన్నాడు. కూరల్లో కారం మాత్రం గుంటూరును తలపించేదే. ‘మిరిస్‌ ఎపా’ అంటే కారం వద్దని. ఆ రెండు మాటలూ పెద్దమ్మాయి నేర్చుకుని, హోటల్లో ప్రతిచోటా తనే చెప్పేది. మట్టికుండలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద కితుల్‌ పాకం పోసి ఇస్తే నాయనమ్మ రెండోసారి అడిగి తింది. ఆ కితుల్‌ చెట్టు మరేదో కాదు, మన మన్యంలో కల్లు తీసే జీలుగే! నారింజరంగు కొబ్బరిబోండాలు దారి పొడవునా. ఎండలో పిల్లలకి అవే నీళ్లు.

సిగిరియా కొండకి దాదాపు 1200 మెట్లు. అయిదో శతాబ్దపు కశ్యప రాజు కోట చూడాలంటే అవి ఎక్కక తప్పదు. తండ్రీ కూతురూ తెల్లవారగానే బయల్దేరి, ఎండ ముదిరేలోగా ఎక్కి దిగొచ్చారు. సార్క్‌ దేశాలవాళ్లకి టికెట్టు ధరలో రాయితీ ఉంది, పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు. తల్లి, నాయనమ్మ, పిల్లాడు గదిలోనే ఉండిపోయారు. ఎవరూ నొచ్చుకోలేదు. పైగా పిల్లాడితోపాటు తనూ దోమతెరలో రెండు గంటలు నిద్రపోయానని, అలా పగటిపూట నిద్రపోయి రెండేళ్లయిందని ఆమె ఆశ్చర్యపోతూ చెప్పింది. యాత్రలో తనకు అన్నిటికన్నా నచ్చింది అదేనట!

ఏనుగుల కోసం మిన్నేరియా, కౌడుల్లా, హురులు... మూడు అడవులూ హబరణకి దగ్గరే. అవి ఏ రోజు ఎటుంటే జీపు అటు వెళ్తుంది. మిన్నేరియా చెరువు దగ్గర వందల ఏనుగులు చేరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. మే నెలలో అంత ఉండవని డ్రైవరు ముందే చెప్పాడు. అయినా ఆ సాయంత్రం పద్నాలుగు కనిపించాయి. తల్లి పొట్ట కింద నడుస్తున్న గున్న ఏనుగును చూసి పెద్దమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు. చాలాసేపటి తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుని ‘నాన్నా, సూదులన్నీ అయిపోయినట్టేనా?’ అని అడిగింది. ఆయన తలూపాడు గానీ నోటమాట రాలేదు.

త్రింకోమలిలో కొండకొమ్మున కోనేశ్వరాలయం. కింద కోటలో మనుషుల మధ్యే తిరిగే జింకలు. తల్లి కర్మకాండల కోసం రావణుడు నేలలో పొడిచి నీళ్లు తెప్పించాడని చెప్పే కన్నియా వేడినీటి బుగ్గలు ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. ఏడు చిన్న బావులు, ఒక్కో దాంట్లో ఒక్కో వేడి. నాయనమ్మ ఏడింటి నీళ్లూ మోకాళ్ల మీద పోసుకుంది. నిలావెలిలో పొద్దున తొమ్మిదిలోపూ, సాయంత్రం నాలుగు తర్వాతే సముద్రం. మధ్యలో అన్నం, నిద్ర, గవ్వలు లెక్కపెట్టడం. ఏమీ చూడకుండానే మూడు రోజులు గడిచిపోయాయి.

వాళ్లు తిరిగొచ్చిన కొద్దిరోజులకే, జూన్‌ మొదట్లో, నైరుతి వానలకు కొలంబో, రత్నపుర ప్రాంతాల్లో వరదలొచ్చాయి. బడులు మూసేశారు. ఆయన ఆ వార్త భార్యకి చూపించాడు. ఆమె చూసింది గానీ ఏమీ అనలేదు. అప్పటికి ఆమె ధ్యాసంతా క్యాలెండరు మీదే. దోమ కుట్టాక డెంగీ బయటపడటానికి మామూలుగా నాలుగు నుంచి పది రోజులు. పద్నాలుగు రోజులు గమనించమన్నాడు డాక్టరు. రోజూ పిల్లలిద్దరికీ థర్మామీటరు పెట్టి, ఆ తేదీ కొట్టేసేది.

తొమ్మిదో రోజు రాత్రి పిల్లాడి ఒళ్లు కాలింది. నూటొకటి. తెల్లారేదాకా ఎవరూ పడుకోలేదు. పొద్దున్నే రక్తపరీక్ష చేయించారు. డెంగీ కాదు. మర్నాటికి ముక్కు కారడం మొదలైంది. ఊరంతా తిరుగుతున్న జలుబే!

పద్నాలుగో తేదీ కొట్టేసిన సాయంత్రం ఆమె దోమతెర మడిచి అటక మీద పెట్టబోయింది. ‘మధ్య గదిలో పెట్టు. డిసెంబరులో దక్షిణం వైపు ఎండ కాస్తుందటగా’ అన్నాడాయన. ‘అమ్మాయ్‌, వాడి మాటలు పట్టించుకోకు. ముందు నా మోకాలికి పట్టీ కొనిపెట్టమను’ అంటూనే నాయనమ్మ తెర అందుకుని తన మంచం కింద పెట్టుకుంది.