రవ్వ ఆగిపోయిందెక్కడ?

విజయవాడ బెంజిసర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద పటమట దాటితే ఆటోనగర్ గేటు. లోపల ఓ పక్క లారీ బాడీలు కట్టే సుత్తుల మోత, ఇంకో పక్క వెల్డింగ్ మెరుపులు. ఆ సందడి మధ్యే పాత కార్లు బాగుచేసే చిన్న షెడ్డు. దాని ముందుకి తాడు కట్టి లాక్కొచ్చారు ఓ తెల్ల అంబాసిడర్‌ని.

టాక్సీగా తిప్పి పిల్లల్ని చదివించుకున్న పెద్దాయన బండి అది. సెల్ఫ్ తిరుగుతోంది, పెట్రోలు ఉంది... స్టార్ట్ మాత్రం కాదు. ఎవరో ప్లగ్గులు మార్చారు, ఇంకొకరు కాయిల్ మార్చారు. 'తుక్కుకి ఇచ్చేద్దాం నాన్నా' అంటున్నాడు కొడుకు.

'తొందరెందుకు బాబూ, కరెంటు ఎందాకా వస్తోందో చూద్దాం' అన్నాడు మేస్త్రీ. చివరి పొలానికి నీరందకపోతే కాలవ వెంట తూములన్నీ చూసుకుంటూ వెళ్లినట్టే ఆయన పద్ధతి.

కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లే లావుపాటి వైరు పీకి, రబ్బరు పిడి పటకారుతో ఇంజిన్ ఇనుముకి పావంగుళం ఎడంగా పట్టుకున్నాడు. సెల్ఫ్ కొడితే నీలి రవ్వ ఎగరాలి. ఎగరలేదు. లోపం ప్లగ్గుల్లో కాదు, అంతకు ముందే ఉంది!

తర్వాత 12 వోల్టుల బల్బు. ఒక వైరు బాడీకి, రెండోది కాయిల్‌కి కరెంటు వచ్చే కొసకి. వెలిగింది. అవతలి కొసకి పెట్టి సెల్ఫ్ కొడితే ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఆరడమే లేదు. 'పాయింట్లు కలవడం లేదు' తేల్చేశాడు.

డెల్కో మూత తీస్తే నిజమే, రెండూ నల్లగా కాలి ఉన్నాయి. ఇవి కలిసి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో వేల వోల్టులు పుడతాయి, రవ్వ ఎగురుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది, సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాడు. అక్కడితో ఆగలేదు. 'ఎందుకు కాలాయో చూడకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు'. దోషం వేలెడంత కండెన్సర్‌ది. పాయింట్ల మధ్య మెరుపుని అడ్డుకోవాల్సింది అదే. దాన్నీ మార్చాడు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కార్లలో పాయింట్లు లేవు. లోపం ఏ వైపుందో స్కానర్ చెబుతుంది. అయినా కరెంటు ఎక్కడ ఆగిందో వెతుక్కోవాల్సింది మనిషే.

పెద్దాయన తాళం తిప్పలేదు, కొడుకు చేతికిచ్చాడు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంది. తుక్కు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.