నీళ్ళను అడిగి చూద్దాం

పిల్లలూ! విజయవాడలో హైదరాబాదు బస్సెక్కితే కీసర దగ్గర మునియేరు, తరవాత నందిగామ, ఆపైన చిల్లకల్లు వస్తాయి. అక్కడ పెద్దరోడ్డు వదిలితే జగ్గయ్యపేట. ఇదంతా వెనక కృష్ణాజిల్లా మెరక ప్రాంతం; 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా.

మొన్న నందిగామలో ఒక ఇంట మంచినీళ్ళు అడిగాను. ఇల్లాలు బోరునీళ్ళు ఇచ్చి, "అద్దంలా వున్నాయి చూడండి మాస్టారూ! మా పిల్లాడూ ఇవే తాగుతాడు," అన్నది. కాని పొయ్యిమీది కాగు లోపల తెల్లని పెచ్చు కట్టివున్నది. అంత తేటనీళ్ళలో ఈ తెలుపు ఎక్కడిది?

దీనికి జవాబు జగ్గయ్యపేట రాళ్ళలో వున్నది. అక్కడ ధనబోడు అనే గుట్టమీద పూర్వపు బౌద్ధస్తూపం వున్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ పరిశోధన చేశాడు. స్తూపానికి పొదిగిన పలకలు సున్నపురాతివి. ఆ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకూ సున్నపురాయే ఆధారం. స్తూపం రాళ్ళను మాత్రం ముట్టుకోకండి! దారిలో దొరికిన సున్నపురాతి పలుకును నూరి, నిమ్మరసం పోయండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. బళ్ళో మీ మాస్టారు ఆమ్లం పోస్తే బుసబుస పొంగుతుంది. ఆ వాయువును సున్నపుతేటలోకి పంపితే, తేట పాలలా మారుతుంది. అది బొగ్గుపులుసు వాయువు. రాతిలో కార్బొనేటు వున్నదనడానికి అదే సాక్ష్యం.

వాననీరు గాలిలోనూ, మట్టిలోనూ ఈ వాయువునే కలుపుకొని, సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన కాల్షియం కంటికి కనపడదు. నీళ్ళు కాచినప్పుడు అది మళ్ళీ కార్బొనేటుగా మారి కాగుకు అంటుకుంటుంది. కాచని నీళ్ళలో మాస్టారు అమ్మోనియం ఆగ్జలేటు ద్రావణం వేస్తే తెల్లని మడ్డి దిగుతుంది. "ఇక్కడ నేనున్నాను" అని కాల్షియం చెప్పే మాట అది.

అయితే నీళ్ళు మనం అడిగినదానికే జవాబు చెబుతాయి. కాల్షియం గురించి అడిగితే ఫ్లోరైడు సంగతి బయటపడదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద తేరుతుందిగాని, ఫ్లోరైడు పోదు, కాచినా పోదు. అది ఎక్కువైతే పిల్లల పళ్ళు గారపడతాయి. ఏళ్ళతరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. పొరుగునే పాత నల్లగొండ జిల్లావాళ్ళు పడిన బాధ మీరు వినేవుంటారు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. దాన్ని అడిగే పద్ధతి వేరు. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రని మందు ఫ్లోరైడు తగిలితే పసుపురంగుకు తిరుగుతుంది.

ఇదంతా విని ఆ ఇల్లాలు, "ఇంతకీ మా నీళ్ళు మంచివా, కావా?" అన్నది.

"పరీక్ష చేయందే నేనూ చెప్పలేనమ్మా," అన్నాను.

వెంటనే ఆమె కొడుకు ప్లాస్టిక్ సీసా శుభ్రంగా కడిగి, బోరునీళ్ళు నింపి, పైన ఊరిపేరు, తేదీ రాశాడు. మర్నాడు తండ్రితో దాన్ని నీటి పరీక్షశాలకు పంపాడు.

మీ బడి బోరునీళ్ళను ఎవరైనా ఇలా పరీక్ష చేయించారా? రేపు మీ మాస్టారునడిగి తెలుసుకోండి.