జరిమానా కాగితం

2025 ఏప్రిల్ 3

జపాన్‌లో ఏప్రిల్ అంటే కొత్త చదువులు, కొత్త ఉద్యోగాలు. ఊళ్లనుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లలు టోక్యోలో గది వెతుక్కునే నెల. అక్కడి ప్రభుత్వం యువతపై లైంగిక హింసను అరికట్టే ప్రచారానికి ఈ నెలనే ఎంచుకుంది. 2017లో ఆ ప్రచారం మొదలైనప్పుడు ముఖ్యంగా చెప్పిన విషయాల్లో ఒకటి, అమ్మాయిల్ని బలవంతంగా అడల్ట్ వీడియోల్లో నటింపజేయడం.

షిబుయా, షింజుకు వీధుల్లో స్కౌట్లు ఆడపిల్లల్ని ఆపి "మోడలింగ్ చేస్తావా?" అని అడుగుతారు. ఒప్పుకున్న పిల్లను తీసుకెళ్లేది వీడియో తీసే కంపెనీకి కాదు, ఏజెన్సీకి. తీసేవాడు వేరు, మనిషిని పంపేవాడు వేరు. కంపెనీ ఇచ్చే డబ్బు ముందు ఏజెన్సీ చేతిలో పడుతుంది. అది తన వాటా పట్టుకున్నాక మిగిలిందే అమ్మాయికి.

ఏప్రిల్ 6

ఒక కేసు మనసులోంచి పోవడం లేదు. హైస్కూల్లో ఉండగానే స్కౌట్ మాట నమ్మి ఏజెన్సీ కాగితం మీద సంతకం పెట్టిందో అమ్మాయి. ఫొటోల మోడలింగ్ అనుకుంది. మానేస్తానంటే జరిమానా కట్టాలన్నారు. ఇరవై దాటాక అడల్ట్ వీడియోలోకి దించారు. ఇక నావల్ల కాదని ఆమె అడ్డం తిరిగితే, 2 కోట్ల 40 లక్షల యెన్‌లకు పైగా నష్టపరిహారం ఇప్పించమని ఏజెన్సీయే ఆమె మీద దావా వేసింది.

2015 సెప్టెంబరులో టోక్యో జిల్లా కోర్టు ఆ దావా కొట్టేసింది. ఇష్టం లేని మనిషితో ఇలాంటి పని కాంట్రాక్టు చూపించి చేయించడానికి వీల్లేదంది. ఏజెన్సీ కోర్టుకెక్కడమే మేలైంది. లేకపోతే ఆ కాగితంలో ఏముందో లోకానికి తెలిసేది కాదు. ఎంతమంది ఆ అంకె చూసి బెదిరిపోయి, తల వంచుకుని మళ్లీ షూటింగ్‌కి వెళ్లి ఉంటారో.

ఏప్రిల్ 9

ఈ బలవంతాల మీద హ్యూమన్ రైట్స్ నౌ సంస్థ 2016 మార్చిలో ఇచ్చిన నివేదిక గురించి చదువుతున్నాను. బెదిరింపులన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. షూటింగ్ ఏర్పాట్లన్నీ అయిపోయాయి, ఇప్పుడు రానంటే ఖర్చంతా నీదే. అమ్మానాన్నలకి చెప్తాం. కాలేజీకి తెలుస్తుంది. సంతకం పెట్టిన కాగితం నకలు కూడా చాలామంది చేతికివ్వలేదు.

ఇది చదువుతుంటే నాకు పాలమూరు లేబర్ గుర్తొచ్చారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు చేతిలో పెడతాడు. పని మధ్యలో వదిలి వస్తే ఆ లెక్క తేలదు, ఇంటిల్లిపాదికీ చుట్టుకుంటుంది. మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. మనిషిని పట్టి ఉంచేది బాకీ అని ఆ చట్టం గుర్తించింది. పోర్న్ అనగానే అందరూ నీతి గురించి మాట్లాడతారు. ఆ పిల్లల్ని కదలనివ్వనిది మాత్రం తీర్చలేని ఒక అంకె. నా గోడంతా దాని గురించే.

ఏప్రిల్ 13

పక్కింటి పిల్ల ఓ కాగితం పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, ఇది కాస్త చూస్తారా? నగల యాడ్‌కి మోడలింగట."

నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో, సంస్థ అప్పగించే ఏ పనికైనా ఆర్టిస్టు అంగీకరించినట్టే అని ఉంది. దాని కిందే, మధ్యలో మానుకుంటే 5 లక్షలు.

"ఏ పనైనా అంటే ఏంటమ్మా?" అన్నాను.

"నగలేగా పెద్దమ్మా."

"మరి నగలని రాయొచ్చుగా."

పిల్ల చాలాసేపు ఆ పేజీ వైపే చూస్తూ కూర్చుంది. వాళ్లు మంచివాళ్లే అయి ఉండొచ్చు. అయినా పని పేరు, రోజులు, డబ్బు విడివిడిగా రాసి, నకలు చేతికిస్తేనే సంతకం అని చెప్పు అన్నాను. సంతకం పెట్టకుండానే తిరిగి తీసుకెళ్లింది.

ఏప్రిల్ 17

2016 జూన్‌లో టోక్యో పోలీసులు మార్క్స్ జపాన్ అనే ఏజెన్సీ మనుషుల్ని అరెస్టు చేశారు. మోడలింగ్ అని చెప్పి చేర్చుకున్న మహిళను అడల్ట్ వీడియో షూటింగ్‌కి పంపారన్నది ఆరోపణ. పెట్టిన కేసు మాత్రం కార్మికుల సరఫరా చట్టం కింద. ఆ అరెస్టుల తర్వాత వీడియో కంపెనీల సంఘం క్షమాపణ చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఆ క్షమాపణ రావడానికి ఎంతమంది ఆడవాళ్లు తమ ముఖాలు బయటపెట్టుకుని మాట్లాడాల్సి వచ్చిందో తలచుకుంటే బాధేస్తుంది.

ఏప్రిల్ 22

2022 ఏప్రిల్‌లో జపాన్ మేజర్ వయసును 20 నుంచి 18కి తగ్గించింది. అప్పటిదాకా పందొమ్మిదేళ్ల పిల్ల పెద్దల అనుమతి లేకుండా పెట్టిన సంతకాన్ని రద్దు చేసుకోగలిగేది. ఆ రక్షణ ఒక్కరోజులో పోయింది. గోల పెద్దదయ్యాక జూన్‌లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. దీనికి వయసుతో నిమిత్తం లేదు, ఆడా మగా తేడా లేదు.

కాంట్రాక్టు కాగితం అందిన నెల దాకా షూటింగ్ చేయకూడదు. షూటింగ్ అయిన నాలుగు నెలల దాకా వీడియో విడుదల చేయకూడదు. విడుదలయ్యాక కూడా ఏడాదిలోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, మొదట్లో ఈ గడువు రెండేళ్లు. రద్దు చేసుకున్నందుకు నష్టపరిహారం అడగడానికి లేదు. ఆ చివరి వాక్యం కోసమే నేను ఈ చట్టాన్ని రెండోసారి చదివాను. 2015లో ఆ అమ్మాయి చేతిలో ఈ చట్టం లేదు.

ఏప్రిల్ 27

ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో నటులే ఉన్నారు. ఇష్టపడి ఈ పని చేస్తున్న ఆడవాళ్లు కూడా. చట్టం రాగానే ఖరారైన షూటింగులు రద్దయ్యాయి, నెల గడువుతో చేతిలో పని పోయింది, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు అన్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఎవరి బతుకు గురించి రాస్తున్నారో వాళ్లను కూర్చోబెట్టుకోకుండా హడావుడిగా రాశారు. నెల గడువును పాత నటులకు తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు. రద్దు హక్కునూ, పరిహారం అడగకూడదన్న నిబంధననూ మాత్రం ఎవరికోసమూ సడలించకూడదు. రెండేళ్లలోపు సమీక్షించుకోవాలని చట్టంలోనే రాసుకున్నారు, ఆ గడువు 2024లోనే దాటింది. సమీక్ష ఎప్పుడు జరిగినా బల్ల దగ్గర ఏజెన్సీ యజమానులకంటే ముందు ఆ ఆడవాళ్లకు కుర్చీలు వేయాలి.