మరో చదివింపుల పుస్తకం

పెళ్ళి అయిపోయిన ఇంట్లో మిగిలే పనులు అందరికీ తెలిసినవే. పందిరి విప్పించాలి. అద్దెకు తెచ్చిన గంగాళాలు, గరిటెలు లెక్క చూసి అప్పజెప్పాలి. వంటవాళ్ళకీ, మేళగాళ్ళకీ, పువ్వులాయనకీ ఇవ్వాల్సింది ఇచ్చి పంపాలి. ఆ తరువాత తీరిగ్గా చదివింపుల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఎవరు ఎంత చదివించారు, ఎవరు చీర పెట్టారు, ఎవరు వెండి కుంకుమభరిణె ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగితే ఆ పుస్తకం తీసి చూసుకునే కదా మనం బయల్దేరేది!

ఈ పనులకి ఇప్పుడు మరొకటి కలిసింది. పెళ్ళికి వచ్చినవాళ్ళ ఫోన్లలో ఉండిపోయిన ఫోటోలు, వీడియోలు పోగుచేయడం. వినడానికి చిన్న పనే. 2024 మాఘమాసంలో సిరవారలో మా అక్క కూతురి పెళ్ళయ్యాక రెండు నెలలకు పైగా నేను ఆ పని మీదే తిరిగాను కనుక, ఆ సంగతులు నాలుగు చెప్పాలనిపించింది.

సిరవార గురించి తెలియనివారికి ఒక మాట. రాయచూరు జిల్లాలో మొన్నమొన్నటి దాకా మాన్వి తాలూకాలో ఉండి, ఇప్పుడు తానే తాలూకా అయిన ఊరు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి ఎడమ కాలువకు నీళ్ళు వదిలాక, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు వచ్చి నల్లరేగడిలో వరి వేశారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లన్నీ క్యాంపులయ్యాయి. మా అమ్మ 1962లో కొత్త కోడలిగా తణుకు దగ్గరి పల్లె నుంచి అలా ఒక క్యాంపుకు వచ్చింది. మేము ఇక్కడే పుట్టాం. బడిలో కన్నడం చదివాం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత దానితో పని ఉంది.

నా పెళ్ళినాటికి ఫోటోలంటే రీలు లెక్క. ఒక రీలుకు ముప్పయ్యారు. ఫోటోగ్రాఫరు నొక్కిన ప్రతిసారీ మా నాన్నగారు మనసులో లెక్కపెట్టుకునేవారు. వచ్చిన బంధువుల దగ్గర కెమెరా ఉండటం అరుదు. అందుచేత పెళ్ళి ఎలా జరిగిందన్నదానికి ఆల్బమ్ ఒక్కటే సాక్ష్యం. తరువాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. ఒకాయన కెమెరా, ఒక కుర్రాడు కళ్ళు మూసుకుపోయే లైటు పట్టుకుని తిరిగేవారు. లైటు ఎటు పడితే అటే పెళ్ళి. చీకట్లో ఉన్నవాళ్ళు క్యాసెట్లో లేరు.

ఇప్పుడు ఆ బాధ లేదు. వెయ్యిమంది వస్తే ఎనిమిది వందల కెమెరాలు వచ్చినట్లే. అయితే కెమెరాలు పెరిగినకొద్దీ పెళ్ళి ముక్కలైపోయింది. ఒక్కొక్కరి జేబులో ఒక్కొక్క ముక్క. ఎవరి ముక్క వాళ్ళు రెండు రోజులు చూసుకుని మరిచిపోతారు. స్టేటస్‌లో పెడితే ఇరవైనాలుగు గంటలు. ఆ తరువాత ఫోను నిండిందని తుడిచేస్తారు, లేదా పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకుంటారు.

అసలు ఈ వెతుకులాట ఎందుకు మొదలయిందో చెప్పాలి. మా అమ్మకు అప్పటికి ఎనభైనాలుగేళ్ళు. మా క్యాంపుల్లో అప్పగింతల పాట పూర్తిగా వచ్చినవాళ్ళలో ఆమె ఆఖరిది. పదకొండు చరణాలు. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు పాడుతుంది. పాటలో ఒకచోట గోదావరి వస్తుంది. ఇక్కడికి వచ్చిన కొన్నేళ్ళకి తన చెల్లెలి పెళ్ళిలో, ఆ చరణం వెనకే అమ్మ తన సొంతంగా ఒక చరణం కట్టింది. అందులో తుంగభద్ర కాలువ ఉంది. కాలువ నీళ్ళు కొత్తవని భయపడకు, పదిరోజులు తాగితే అవీ నీ ఊరి నీళ్ళే అవుతాయని పిల్లకు చెప్పడం. అచ్చు పుస్తకాల్లో అప్పగింతల పాటలు చాలా ఉన్నాయి. ఈ చరణం ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మ రాయించనూ లేదు. "పెళ్ళిలో పాడేది పెళ్ళిలోనే రావాలి, ఉత్తినే కూర్చోబెట్టి పాడమంటే రాదే" అనేది.

ఆ రోజు పాడింది. గొంతు వణికినా ఒక్క చరణం వదల్లేదు. ఆమెను పొదివి పట్టుకుని నిలబడింది నేనే. అక్క ఏడుస్తోంది. మండపం చుట్టూ చేతులన్నీ ఫోన్లతో పైకి లేచి ఉన్నాయి.

రెండు నెలలకు స్టూడియో నుంచి పెళ్ళి వీడియో పెన్ డ్రైవ్‌లో వచ్చింది. బొమ్మ కళ్ళకద్దుకునేలా ఉంది. పైనుంచి డ్రోన్‌తో తీసిన సిరవార, చుట్టూ పచ్చటి మడి, అన్నీ ఉన్నాయి. అప్పగింతల ఘట్టం వచ్చింది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట! అమ్మ కాసేపు చూసి, "నా పాట ఏదమ్మా?" అంది. ఇంకేమీ అనలేదు.

స్టూడియో వాళ్ళను అడిగాం. ఎడిటింగ్ అయ్యాక అసలు రికార్డింగు తీసేశామన్నారు. వాళ్ళ లెక్కలో అది గోల. మేళం, పిల్లల ఏడుపు, ఎవరో ఎవరినో పిలవడం, మధ్యలో ఒక ముసలావిడ గొంతు. అందరూ సినిమా పాటే అడుగుతారు కనుక వాళ్ళు అదే వేశారు. మాకు కావలసింది ఆ గోలే. అది ఇక అతిథుల ఫోన్లలో తప్ప ఎక్కడా లేదు.

పెళ్ళిరోజున భోజనాల హాలు గుమ్మం దగ్గర మా తమ్ముడి కొడుకు ఒక క్యూఆర్ కోడ్ కాగితం అంటించాడు. ఫోను చూపిస్తే చాలు, మీరు తీసినవి మా ఖాతాలో పడతాయన్నాడు. మూడు వందల పైచిలుకు వచ్చాయి. కుర్రకారు సెల్ఫీలు, మైసూరుపాకు, ఎణ్ణెగాయి వడ్డించిన విస్తళ్ళు. వాటిని తక్కువ చేసి మాట్లాడను, చూస్తే ముచ్చటగానే ఉన్నాయి. కాని పాట తీసినవాళ్ళు ఎక్కువమంది నడివయసు ఆడవాళ్ళు. వాళ్ళకు ఆ కాగితం ఎందుకో కూడా తెలియదు.

వాట్సాప్ బృందంలో, "అందరూ మీ దగ్గరున్నవి పెట్టండి" అని రాశాం. చేతులు జోడించిన బొమ్మలు ఇరవై వచ్చాయి. వీడియోలు రెండు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్లే. అప్పుడు పద్ధతి మార్చి ఒక్కొక్కరికీ ఫోను చేశాను. "వదినా, అప్పగింతలప్పుడు నువ్వు అరుగు పక్కన నిలబడ్డావు కదా, ఎర్ర చీరలో. అప్పుడు తీసింది కావాలి" అంటే వెంటనే గుర్తొచ్చింది. మనిషికి తను నిలబడిన చోటు గుర్తు చేస్తే వీడియో దానంతటదే దొరుకుతుంది.

దొరికినా చిక్కు తీరలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోయి వస్తుంది. ఫోటో అయితే పొడుగు వైపు సుమారు పదహారు వందల చుక్కలకు కుంచించుకుపోతుంది. తీసిన గంట, నిమిషం కూడా పోతాయి. ఫోన్లో చూసుకోవడానికి సరిపోతుంది గాని, గోడకు పెట్టుకునే పటానికీ, వణికే గొంతు వినడానికీ చాలదు. అదే 'డాక్యుమెంట్' అని ఎంచుకుని పంపితే ఉన్నది ఉన్నట్లు వస్తుంది. ఈ తేడా చెప్పడానికి ఫోను చాలక ఇళ్ళకే వెళ్ళాను. తమ్ముడి కొడుకు ఫోనుకు నేరుగా గుచ్చే పెన్ డ్రైవ్ ఒకటి ఇచ్చాడు. గూగుల్ ఖాతాలో పోగేద్దామంటే, అక్కడ ఉచితంగా దొరికేది 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫోటోలూ ఆ లెక్కలోనే. మాది నాలుగు రోజుల్లో నిండింది.

ఇళ్ళకు వెళ్ళడం మంచిదే అయింది. వీడియో కోసం వెళితే కాఫీ, కాఫీతో పాటు కబుర్లు. నేను అడగనివి కూడా చూపించారు. గాడిపొయ్యి దగ్గర చెమట తుడుచుకుంటున్న వంటమనిషి. అందరూ భోంచేస్తుంటే సామాన్ల గది ముందు ఒక్కడే కూర్చుని బయటకు చూస్తున్న మా బావగారు, ఆడపిల్ల తండ్రి. గట్టు తగాదా వచ్చి కొన్నేళ్ళుగా మాటల్లేని ఇద్దరు పెద్దలు ఒకే తాంబూలపు పళ్ళెంలోంచి వక్క తీసుకోవడం. స్టూడియో వీడియోలో వీటిలో ఒక్కటీ లేదు. వాళ్ళకు డబ్బిచ్చింది పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ తీయడానికి. మిగతా పెళ్ళిని చూసింది చుట్టాలే.

ఒకావిడ ఇవ్వనంది. ఆమె వీడియోలో ముందు వరుసలో ఆమె కూతురు నిలబడి ఏడుస్తోంది. ఆ పిల్ల కాపురం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. "నలుగురూ చూసి నాలుగు మాటలంటారు పిన్నీ" అంది. నిజమే కదా! మన ఇంటి పెళ్ళి అయినంత మాత్రాన ఆ పిల్ల కన్నీళ్ళు మనవైపోవు. చివరికి బొమ్మ లేకుండా ధ్వని మాత్రం తీసుకున్నాం. వీడియోను ఆమె ముందే తుడిచేశాం.

మే నెలకు తొమ్మిది ఫోన్ల నుంచి పద్నాలుగు ముక్కలు చేరాయి. ఒకటి ఇరవై సెకన్లు, ఒకటి నిమిషం పైన. ఒకరికి చెయ్యి నొప్పి పుట్టింది, ఒకరికి ఫోనొచ్చింది, ఒకరికి చోటు నిండింది. వరసగా పేర్చితే పది చరణాలు తేలాయి. కాలువ చరణం లేదు. గోదావరి దాకా వచ్చి అందరూ ఆపేశారు. అప్పుడే పాల పళ్ళెం తెచ్చారు, అందరి ఫోన్లూ పళ్ళెం వైపు తిరిగాయి.

అది దొరికింది మా వీధి చివర కుట్టుపని చేసే కన్నడ అమ్మాయి దగ్గర. పెళ్ళికూతురి రవికెలు కుట్టింది ఆ పిల్లే. గోడవారగా నిలబడి, ఫోను ఎటూ తిప్పకుండా మూడో చరణం నుంచి చివరిదాకా ఆరు నిమిషాలు తీసింది. ఎందుకమ్మా అంతసేపు తీశావని అడిగితే, "యావ్దు ముఖ్య అంత గొత్తాగ్లిల్ల ఆంటీ, అదక్కే పూర్తి తెగెదె" అంది. ఏది ముఖ్యమో తెలియలేదు కనుక మొత్తం తీసింది! భాష తెలిసిన మేమంతా మాకు నచ్చిన చోట మొదలుపెట్టి, చాలనుకున్న చోట ఆపాం. తెలియని పిల్ల ఏదీ వదలలేదు.

బ్రౌన్ దొరగారు వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించడానికి ముందు ఎన్నెన్నో ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూయించారని మనం చదువుకున్నాం. ఒక ప్రతిలో లేనిది మరొక ప్రతిలో ఉంటుందనే కదా. మా పని అంత గొప్పది కాదు గాని, ఎన్నో చోట్ల చెల్లాచెదురుగా ఉన్నదాన్ని కూర్చడంలో ఉన్న కష్టం మాత్రం ఒకలాంటిదే. పైగా మా పిల్లలకు తెలుగు అక్షరం రాదు. పాటను కాగితం మీద రాసిపెడితే వాళ్ళకు అందదు. వింటేనే అందుతుంది. కనుక మాకు ఆ గొంతే పుస్తకం.

తమ్ముడి కొడుకు ముక్కలన్నీ అతికి అమ్మకు వినిపించాడు. కళ్ళు మూసుకుని విని, "నాలుగోదీ అయిదోదీ తారుమారు చేశార్రా" అంది. దిద్దాడు. మళ్ళీ విని తల ఊపింది. శ్రావణమాసంలో అమ్మ వెళ్ళిపోయింది. ఇప్పుడు మనవరాళ్ళు దాన్ని పెట్టుకుని నేర్చుకుంటున్నారు. ఒకత్తి కన్నడ లిపిలో రాసుకుంది. అమ్మ ఉంటే నవ్వేది, తప్పు పట్టేది కాదు.

మీ ఇంట పెళ్ళి ఉంటే కొన్ని సంగతులు ముందే చూసుకోండి. పాటల దగ్గర వీడియో తీసేవాళ్ళతో అసలు ధ్వని విడిగా దాచి ఇమ్మని బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇంట్లో ఒకరిని ఫోను కదపకుండా చివరిదాకా తీయడానికి నియమించండి. అతిథులను పదిహేను రోజుల్లోపు, పేరు పెట్టి, ఫలానాది కావాలని అడగండి. ఇష్టం లేదంటే వదిలేయండి. బొమ్మల్లో ఉన్నవాళ్ళ పేర్లు, వరసలు పెద్దవాళ్ళు ఉండగానే రాయించండి. పోగయినదాన్ని రెండు చోట్ల దాచండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇచ్చినవాళ్ళకు మొత్తంలో ఒక ప్రతి పంపండి. అడిగి తెచ్చుకోవడమే గాని తిరిగి ఇవ్వడం లేకపోతే రెండోసారి ఎవరిస్తారు?

మా అక్క దీనికోసం ఒక నోటు పుస్తకం పెట్టింది. ఎవరి ఫోను, ఏ ఘట్టం, ఎన్ని నిమిషాలు, ప్రతి పంపామా లేదా, చదివింపుల పుస్తకంలో లాగే గీతలు గీసి రాసింది. మొదటి పేరు ఆ కుట్టుపని అమ్మాయిది. వచ్చే మాఘంలో ఆ పిల్ల పెళ్ళి. వాళ్ళ అవ్వ కన్నడంలో సోబానె పాటలు పాడుతుందట. మాకు సగమే అర్థమవుతాయి. మొత్తం తీస్తాం.